రెండు అట్టపెట్టెల క్యాసెట్లు ఇంటికి తెచ్చుకున్న మేనకోడలికి

అమ్మలూ,

నిన్న ఫోన్లో మీ అమ్మ చెప్పింది. అక్కడ పిట్స్‌బర్గ్‌లో ఎవరో పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తుంటే, రెండు అట్టపెట్టెల నిండా పాత రాక్ కచేరీల క్యాసెట్లు తెచ్చుకున్నావట. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఇక మీదట ఇంకా సేకరిస్తానన్నావట. వినగానే గుండె పొంగింది. ఆ వెంటనే భయమూ వేసింది. ఈపాటికే ఒక క్యాసెట్టు డెక్‌లో, అదే టేపు వాయించే యంత్రంలో, పెట్టేశావా? పెట్టకపోయి ఉంటే ఈ ఉత్తరం చదవడం అయ్యేదాకా ఆగు.

ముందు ఫోటోలు తియ్యి. ప్రతి క్యాసెట్టు డబ్బాలోని అట్టకార్డు రెండు వైపులా, క్యాసెట్టు మీది లేబుల్ రెండు వైపులా. మూలన పెన్సిల్‌తో చిన్నగా ‘2వ జనరేషన్’ (ఎన్నో కాపీయో చెప్పే లెక్క) అనో, ‘డాల్బీ లేదు’ (డాల్బీ అంటే టేపు బుస తగ్గించే పద్ధతి) అనో, మైకు పేరో రాసి ఉంటుంది. ఆ రాత టేపుతో సమానం. ఏ కార్డు ఏ డబ్బాలోంచి తీశావో అందులోకే పోవాలి. ఆ తర్వాత క్యాసెట్టు పైఅంచున ఉండే రెండు ప్లాస్టిక్ రెక్కలూ విరిగి ఉన్నాయో లేదో చూడు. లేకపోతే విరిచెయ్యి. ఒక్కసారి పొరపాటున రికార్డు మీట నొక్కితే కచేరీ పోయినట్టే.

డెక్ హెడ్‌నూ (టేపు మీది ధ్వనిని చదివే భాగం) రబ్బరు చక్రాన్నీ శుభ్రం చెయ్యి. హెడ్‌కి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్ల చాలు. టేపును ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పు. ఏళ్ల తరబడి కదలని పొరలు సడలుతాయి. టేపు అంచున తెల్లటి బూజు పొడి కనిపిస్తే మాత్రం తిప్పకు, వేరే సంచిలో పెట్టి పక్కన ఉంచు. ఆ బూజు హెడ్‌కి, హెడ్ నుంచి మిగతా అన్నిటికీ పాకుతుంది. ధ్వని ఉన్నట్టుండి మూగబోతే టేపు పాడైందనుకోకు. హెడ్‌కి టేపును ఒత్తిపట్టే చిన్న ఉన్నిముక్క ఊడిపోయి ఉంటుంది. మరలతో బిగించే ఖాళీ క్యాసెట్టు కొని టేపును అందులోకి మార్చు. 120 నిమిషాల క్యాసెట్లు చాలా పల్చన, వాటిని పదేపదే ముందుకీ వెనక్కీ తిప్పకు.

ఇప్పుడు అజిమత్. టేపుకి హెడ్ ఏ కోణంలో తగులుతుందో అది. రికార్డు చేసిన డెక్ కోణం వేరు, నీ డెక్ కోణం వేరు. ఆ తేడాకే డ్రమ్స్‌లోని సింబల్స్ అనే తాళాల మెరుపు పోయి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. హెడ్ పక్కనుండే రెండు మరల్లో, కింద స్ప్రింగు ఉన్నదాన్ని తిప్పాలి. రెండు ఛానెళ్లనూ మోనోగా కలిపి హెడ్‌ఫోన్‌లో వింటూ, ఒక్కోసారి ఎనిమిదో వంతు చుట్టు మాత్రమే. సింబల్స్ బాగా మెరిసే చోట ఆగు. ప్రతి టేపుకీ, వీలైతే ప్రతి వైపుకీ చెయ్యి. విసుగు పుడుతుంది, అయినా చెయ్యి. డాల్బీ వాడారో లేదో తెలియకపోతే డెక్‌లో డాల్బీ మీట ఆపేసి ఎక్కించు. ఆ పని తర్వాత కంప్యూటర్లోనైనా చేసుకోవచ్చు.

కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు నాణ్యత 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ పెట్టు, అన్నిటికన్నా గట్టి ధ్వని మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకో. గంటకి దాదాపు 2 జీబీ అవుతుంది. ఒక వైపు మొత్తం ఒకే ఫైలు, మధ్యలో ఆపకు.

ఇక అసలు మాట. మా తరం సేకర్తలు చేసిన తప్పు నువ్వు చెయ్యకూడదనే ఇంత రాస్తున్నాను.

1990ల చివర సీడీ రైటర్లు ఇళ్లలోకి వచ్చాయి. అంతకుముందు ఒక్కో టేపు కోసం ఖాళీ క్యాసెట్లూ, తిరుగు పోస్టేజీ పంపి నెలలు ఎదురుచూసేవాళ్లు. అవతలివాళ్లు డెక్ నుంచి డెక్‌కి కాపీ చేసి పంపితే, అందులోంచి మరొకరు. ప్రతి కాపీకీ బుస పెరిగేది, వేగం కాస్త మారేది. అలాంటిది సీడీలోకి ఎక్కితే ఇక బుస పెరగదు, వెయ్యి కాపీలైనా ఒకటే. ఆ సంబరంలో అందరూ టేపుల మీద పడ్డారు. ఎక్కించేటప్పుడే బుస తీసేసే సాఫ్ట్‌వేర్ వేశారు. బుసతో పాటు ఏం పోయిందో తెలుసా? సింబల్ కొట్టాక ఆ మోత హాల్లో సన్నగా తగ్గుతూ పోయే తీరు పోయింది. జనం ఊపిరి పోయింది. నీళ్లలోంచి వింటున్నట్టు గలగలమనే ఒక వింత శబ్దం మిగిలింది. పైగా వాల్యూమ్ గోడలా పెంచారు. 16 బిట్‌కి దించారు. పాటలు విడగొట్టేటప్పుడు సెక్టార్ లెక్క చూడలేదు. సీడీలో సెకనుకి 75 సెక్టార్లు, ఒక్కోదానికి 588 శాంపిళ్లు. కోత ఆ లెక్కలో పడకపోతే పాటకీ పాటకీ మధ్య టిక్ మంటుంది. ఇన్ని చేశాక, ఇక పనేముందని క్యాసెట్లు పారేశారు. కార్డులతో సహా.

పదేళ్లు గడిచేసరికి ఆ సీడీల్లో చాలావాటి రంగు పొర చెడిపోయింది, కంప్యూటర్ చదవనంది. చదివినవాటిలో ఉన్నది ఆ బుస తీసేసిన పీనుగే. ఈలోపు మెరుగైన సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. ముడి ట్రాన్స్‌ఫర్, అంటే ఏ సవరణా చెయ్యకుండా ఎక్కించిన ఫైలు, ఉంటే ఈరోజు ఎంత బాగా చేసుకోవచ్చో! కానీ ముడి లేదు, టేపు లేదు, కార్డూ లేదు. అది ఎన్నో జనరేషనో, ఎవరు ఏ సీట్లోంచి తీశారో చెప్పేది ఏదీ మిగల్లేదు.

అందుకే తల్లీ, ముడి ఫైలుని ముట్టుకోకు. నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ రూపంలోకి మార్చి, ఫైలు తర్వాత చెడిందో లేదో పట్టిచ్చే చెక్‌సమ్ అంకె తీసి, రెండు డిస్కుల్లో పెట్టు, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. సవరణలన్నీ కాపీ మీదే. ఎక్కించడం అయిపోయినా టేపు పారేయకు.

మైక్ మిలార్డ్ అని ఒకాయన ఉండేవాడు, లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో. కచేరీలు రహస్యంగా రికార్డు చేసేవాడు. నకమీచి 550 రికార్డర్, ఏకేజీ 451 మైకులు, వాటిని దాచి లోపలికి తీసుకెళ్లడానికి చక్రాల కుర్చీ. 1977 జూన్ 21న ఫోరమ్ అనే హాల్లో లెడ్ జెప్లిన్ కచేరీని ఆయన తీసింది అలాగే. 1975 ఏప్రిల్ 26న లాస్ ఏంజెలెస్ స్పోర్ట్స్ అరీనాలో ఆయన తీసిన పింక్ ఫ్లాయిడ్ టేపు, 50 ఏళ్లకి 2025లో ఆ బ్యాండ్ అధికారిక విడుదలలోనే చోటు సంపాదించుకుంది. జనంలో కూర్చుని తీసిన టేపు అది. దాచినవాళ్లు ఉండబట్టే వచ్చింది.

సౌండ్‌బోర్డ్ రికార్డింగులే, అంటే వేదిక మైకులన్నీ కలిసే బోర్డు నుంచి నేరుగా తీసినవే, మేలని నీకు చాలామంది చెబుతారు. నమ్మెయ్యకు. చిన్న హాల్లో గిటార్ ఆంప్లిఫయర్ మోత ఎలాగూ జనానికి చేరుతుంది కాబట్టి బోర్డులో దాన్ని తక్కువ పెడతారు. అందుకే బోర్డు టేపులో గొంతు ముందుకొచ్చి గిటార్ ఎక్కడో ఉంటుంది. హాలు ఎలా మోగిందో చెప్పేది జనంలోంచి తీసిన ఆడియన్స్ టేపే.

వేగం సరిచూడు. బ్యాటరీతో నడిచే రికార్డర్‌లో బ్యాటరీ నీరసించేకొద్దీ టేపు నెమ్మదిస్తుంది. మనం సరైన వేగంతో వాయిస్తే కచేరీ పోనుపోను శ్రుతి పైకి పాకుతుంది. వేగం తేల్చడానికి కరెంటు హమ్, అంటే రికార్డింగులో పడే కరెంటు మోత, పనికొస్తుంది. అమెరికాలో అది 60 హెర్ట్జ్, యూరప్‌లో 50. ధ్వనిలోని ఫ్రీక్వెన్సీలను గీసి చూపే స్పెక్ట్రమ్‌లో ఆ గీత 61.2 దగ్గర కనబడితే టేపు 2 శాతం వేగంగా పోతున్నట్టు. ఆల్‌మన్ బ్రదర్స్ లాంటి బ్యాండైతే ఇంకా సులువు. హామండ్ బీ-3 ఆర్గాన్ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని పట్టుకునే తిరుగుతుంది, దాని శ్రుతి గిటార్‌లా జారదు. దాన్నే ఆధారంగా తీసుకో.

బయటనుంచి ఫైళ్లు తెచ్చుకునేటప్పుడు ఫ్లాక్ అని పేరుంటే సరిపోదు. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి పంచేవాళ్లున్నారు. స్పెక్ట్రమ్ తెరిచి చూడు. 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతే అనుమానించు. క్యాసెట్టు అయితే పైకి పోయేకొద్దీ మెల్లగా మసకబారుతుంది. 19 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నటి గీత ఉంటే అది ఎఫ్.ఎం. ప్రసారం నుంచి వచ్చింది, ఆడియన్స్ టేపని ఎవరు చెప్పినా సరే. ప్రతి కచేరీకీ ఒక టెక్స్ట్ ఫైలు రాయి. తేదీ, హాలు, ఊరు, మైకు, రికార్డర్, ఎన్నో జనరేషన్, నువ్వు ఏ డెక్‌తో ఎక్కించావో, వేగం ఎంత మార్చావో, పాటల వరుస. తెలియనిచోట తెలియదనే రాయి. ఊహించి రాసిన తేదీ ఒకటి పుడితే ఇరవై ఏళ్లయినా చావదు.

గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బ్యాండు తమ కచేరీలు రికార్డు చేసుకోనిచ్చింది, 1984 అక్టోబరు నుంచి అలా రికార్డు చేసే టేపర్లకి విడిగా చోటే ఇచ్చింది. ఆ టేపులతో మొదలుపెట్టు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బోలెడున్నాయి. అనుమతి ఇవ్వని బ్యాండ్లవి ఉంటాయి నీ పెట్టెల్లో. వాటి జోలికి జాగ్రత్తగా వెళ్లు. 1994 నుంచి అమెరికాలో దీన్ని అడ్డుకునే చట్టమే ఉంది. ఒక్క డాలరు కూడా తీసుకోకు, ఎవరికీ అమ్మకు. ఈ మాట మీద నాకు ఒట్టు పెట్టు.

మీ అమ్మ ఇంకోటి చెప్పింది, సంక్రాంతికి వచ్చేటప్పుడు పెట్టెలు విశాఖ తెస్తావని. వద్దమ్మా. ఎయిర్‌పోర్టు ఎక్స్‌రే టేపుని ఏమీ చెయ్యదు గానీ సముద్రపు తేమ చేస్తుంది. ఒక్క వానాకాలం చాలు. అక్కడే ఇంటిలోపల అలమరలో, బేస్‌మెంట్‌లో కాదు, నిలువుగా పేర్చు. స్పీకర్ల పక్కన పెట్టకు.

ఈ ఆదివారం కార్డుల ఫోటోలు పంపు. మాస్టర్ (కాపీ కాని అసలు టేపు) అని రాసి ఉన్నవేవైనా ఉంటే విడిగా ఉంచు, వాటిని అప్పుడే డెక్‌లో పెట్టకు. చెయ్యి తిరిగేదాకా చెత్తగా ఉన్న నాలుగైదు కాపీల మీద సాధన చెయ్యి. అజిమత్ దగ్గర అర్థం కాకపోతే వీడియో కాల్ చెయ్యి, రాత్రి ఎంతైనా ఎత్తుతాను.

మీ మావయ్య