అంబాసిడర్, పద్మిని: మహబూబ్ ఘాట్ మీద రెండు బండ్లు

1990ల నాటి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో దేని పనితీరు మెరుగని, ఇప్పుడు పాతది కొంటే ఏది కొనాలని అడిగారు. హనుమకొండలో మా ఇంట్లో పద్మిని, మా మేనమామ ఇంట్లో అంబాసిడర్ ఏళ్ల తరబడి ఉన్నాయి కనుక, నా సమాధానం పద్మిని.

కాగితం మీద అంబాసిడర్‌దే పైచేయి: మా మామ బండిలాంటి వాటికి 1489 సీసీ పెట్రోలు ఇంజను, సుమారు 50 హార్స్‌పవర్. 1974 నుంచి పద్మిని అని పేరు మారినా మా వైపు అందరూ ఫియట్ అనే పిలిచిన బండికి 1089 సీసీ, సుమారు 40 హార్స్‌పవర్. అయితే పద్మిని దాదాపు 900 కిలోలు తూగితే, అంబాసిడర్ 1100 కిలోలకు పైమాటే. అదనంగా ఉన్న 400 సీసీలను తన ఒళ్లు మోసుకోవడానికే ఖర్చుచేసే బండిని బలమైనదని నేను ఒప్పుకోను. ఫోనులో అంకెలు చూసి తీర్పు చెప్పేవారు ఈ బరువు లెక్కను ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

1994 మే నెలలో ఆదిలాబాద్‌లో పెళ్లికి రెండు బండ్లూ కలిసి బయలుదేరాయి. సోన్ వంతెన మీద గోదావరి దాటి, నిర్మల్‌లో చాయ్ తాగి, మహబూబ్ ఘాట్ ఎక్కుతుండగా మా పద్మిని రెండు కుదుపులిచ్చి ఆగిపోయింది. తప్పు బండిది కాదు. ఆరుగురం ఎక్కి, డిక్కీ నిండా పెళ్లి సామాను కుక్కి, నడిమధ్యాహ్నం ఘాట్ ఎక్కించడంతో ఇంజను వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరై, కార్బురేటర్‌కు అందలేదు. "బిడ్డా, తువ్వాల తడిపి ఆ పంపు మీద కప్పు, గడియసేపు ఆగితె అదే లేస్తది," అన్నాడు బాపు. అలాగే లేచింది. ఈలోగా పైకి చేరిన మా మామ, "బావా, నీ ఫియటును తాడేసి గుంజాల్నా?" అని అందరి ముందు నవ్వాడు.

తిరుగు ప్రయాణంలో మామ ఆ ఘాట్ పొడవునా టాప్ గేరులోనే, బ్రేకు తొక్కుతూ దిగాడు. రెండు బండ్లకూ నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. బరువైన బండిని ఆపి ఆపి అవి కాగిపోవడంతో, కాలిన వాసన కొడుతూ అంబాసిడర్ ఘాట్ దిగువన రోడ్డు పక్కన నిలిచింది. ఇంజనే బండిని పట్టి ఉంచేలా రెండో గేరులో నెమ్మదిగా దిగిన బాపు, బండి ఆపి, ఒక్క మాటైనా అనకుండా కిటికీలోంచి ఆ తువ్వాలను మామకు అందించాడు.

ఏటూరునాగారం వైపు గతుకుల రోడ్ల మీద, వెనక సీటు విశాలంలో అంబాసిడరే సుఖమని ఒప్పుకుంటాను. కాజీపేట, హనుమకొండ సందుల్లో తిప్పడానికి మాత్రం పద్మినే తేలిక. ఏది కొన్నా బోనెట్ ఎత్తి ఇంజను నంబరును ఆర్సీతో సరిచూడండి, ఎందుకంటే డీజిల్ ఇంజను ఎక్కించిన అంబాసిడర్‌ను కూడా ఒరిజినల్ అని అంటగట్టేవారున్నారు. తరువాత మ్యాట్లు ఎత్తి, నేల రేకును స్క్రూడ్రైవర్‌తో తట్టి చూడండి. పుచ్చిపోయి ఉంటే ఇంజను ఎంత బాగున్నా బేరం వదిలేయండి.