ఐపీ (దివాలా పిటిషన్): మనమే వేయాలా, అప్పులవాళ్లు వేసేదాకా ఆగాలా?

అప్పులు నిజంగానే తీర్చలేని స్థితి వస్తే మీరే వేయడం మంచిదని నా అభిప్రాయం. మన జిల్లాల్లో మామూలు మనిషి ఐపీకి ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే ఆధారం. 2016 దివాలా కోడ్ వ్యక్తుల విషయంలో కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి వచ్చింది.

మీరు వేస్తే, అప్పులు కనీసం 500 రూపాయలున్నాయని, తీర్చలేనని ప్రాథమికంగా చూపిస్తే చాలు. అప్పిచ్చినవాళ్లు వేయాలంటే, అంతకుముందు మూడు నెలల్లో మీరు ఆస్తి దాటించడమో, ఇల్లు వదిలి పారిపోవడమో, చెల్లింపులు ఆపేస్తున్నానని చెప్పడమో చేశారని చూపాలి. అంటే ఆగితే చాలాసార్లు కేసు మీ మీద ఆరోపణతోనే మొదలవుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: టెన్షన్‌లో పొలాన్ని బావమరిది పేర రాసేస్తారు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో అలా ఊరికే రాసినవాటిని, మూడు నెలల్లో ఒక్కరికే మొగ్గు చూపి కట్టినవాటిని కోర్టు రద్దు చేయగలదు. దయచేసి ఆ పని చేయకండి.

వేసినంత మాత్రాన అప్పు పోదు. కోర్టు దివాలా ప్రకటించాక ఆస్తి రిసీవర్ (దాన్ని చూసుకునే కోర్టు అధికారి) చేతికి వెళ్తుంది, తర్వాత డిశ్చార్జి, అంటే అప్పుల నుంచి విముక్తి, కోరాలి. అది వచ్చినా ప్రభుత్వ బాకీలు, మోసంతో తెచ్చిన అప్పులు, భార్యాపిల్లల మనోవర్తి మీ మీదే ఉంటాయి.