వెబ్‌ సందేహాలు: పంపింది మూడు నంబర్లు, అందింది ఒక్కటి

ప్రశ్న: మా కళాశాలలో హాజరు నమోదుకు ఒక వెబ్‌ పేజీ తయారు చేస్తున్నాను. గైర్హాజరైన విద్యార్థుల రోల్‌ నంబర్లను జావాస్క్రిప్ట్‌లో అర్రేగా, అంటే ఒకే పేరు కింద విలువల వరుసగా చేర్చి, ఒక్కొక్కటినీ ‘రోల్‌’ అనే పేరుతో ఫారమ్‌ డేటాగా, సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ భాషలో రాసిన వెబ్‌ సర్వీసుకు పంపుతున్నాను. 4, 17, 23 పంపితే సర్వర్‌లో 23 మాత్రమే కనిపిస్తోంది. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ బ్రౌజర్‌ మూడు నంబర్లనూ పంపింది. డెవలపర్‌ టూల్స్‌లో నెట్‌వర్క్‌ విభాగం తెరిచి ఆ రిక్వెస్ట్‌ను చూడండి; ‘రోల్‌=4&రోల్‌=17&రోల్‌=23’ అని కనిపిస్తుంది. ఒకే పేరు మళ్లీ వస్తే పాత విలువ స్థానంలో కొత్త విలువను ఉంచడం పీహెచ్‌పీ పద్ధతి కాబట్టి చివరిది మాత్రమే మిగిలింది.

అర్రే అనేది ప్రోగ్రామ్‌ మెమరీలో ఉండే అమరిక. నెట్‌వర్క్‌ మీద వెళ్లేది అక్షరాల వరుసే కనుక, దాన్ని తిరిగి అర్రేగా ఎలా చదవాలో రెండు వైపులవారూ ముందే అనుకోవాలి. యూఆర్‌ఐల (వెబ్‌ చిరునామాల వంటివాటి) నిర్మాణాన్ని నిర్వచించిన 2005 నాటి ఇంటర్నెట్‌ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3986, ప్రశ్నార్థకం తరువాతి భాగంలో ఏయే అక్షరాలు ఉండవచ్చో చెప్పిందే తప్ప జాబితాలను ఎలా రాయాలో చెప్పలేదు. అందువల్ల మీరు పంపిన వరుసనే జావాలో రాసే సర్వర్‌ ప్రోగ్రామ్‌ అయిన సర్వ్‌లెట్‌లో గెట్‌పారామీటర్‌తో చదివితే మొదటి విలువ 4 వస్తుంది, పైథాన్‌ వెబ్‌ ఫ్రేమ్‌వర్క్‌ జాంగోలో గెట్‌తో చదివితే చివరి విలువ 23 వస్తుంది. మొత్తం కావాలంటే జావాలో గెట్‌పారామీటర్‌వాల్యూస్‌, జాంగోలో గెట్‌లిస్ట్‌ వాడాలి.

పీహెచ్‌పీలో పేరు చివర ఖాళీ చదరపు బ్రాకెట్లు చేర్చి ‘రోల్‌[]’ అని పంపితే మూడూ అర్రేగా అందుతాయి. జావాస్క్రిప్ట్‌ లైబ్రరీ జేక్వెరీ తన 1.4 వెర్షన్‌ నుంచి ఈ బ్రాకెట్లను తానే చేరుస్తోంది కాబట్టి, జేక్వెరీతో రాసిన పేజీల్లో పనిచేసిన పద్ధతి, బ్రౌజర్‌లోనే ఉండే ఫెచ్‌కు మారగానే ఆగిపోవడం చాలామందికి ఎదురయ్యే అనుభవమే.

అయితే మీరు రేపు ఇదే దారిలో మార్కుల జాబితా పంపే ఆలోచనలో ఉంటే దయచేసి ఆగండి. పీహెచ్‌పీలో మ్యాక్స్‌_ఇన్‌పుట్‌_వార్స్‌ అనే పరిమితి సాధారణంగా 1000 ఉంటుంది. ఒక్కో విద్యార్థికి రోల్‌ నంబరు, మార్కులు అని రెండేసి విలువలు పంపితే 500 మందితోనే అది నిండిపోతుంది. మిగిలినవారి వివరాలను పీహెచ్‌పీ వదిలేసి, సర్వర్‌ లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. పేజీలో మాత్రం అంతా సవ్యంగా నమోదైనట్టే కనిపించవచ్చు. విద్యార్థుల మార్కులు అలా జారిపోవడం చిన్న విషయం కాదు.

అందుకే డేటాను పాఠ్యంగా రాసే పద్ధతి అయిన జేసన్‌ను వాడమని నా సలహా. అర్రేను జేసన్‌.స్ట్రింగిఫైతో పాఠ్యంగా మార్చి, కంటెంట్‌-టైప్‌ హెడర్‌లో ‘అప్లికేషన్‌/జేసన్‌’ అని రాసి, పోస్ట్‌ రిక్వెస్ట్‌ బాడీలో పంపండి. ఇక్కడ కొత్తవారు తరచూ తడబడతారు: జేసన్‌గా వచ్చినదాన్ని పీహెచ్‌పీ తన పోస్ట్‌ వేరియబుల్‌లో నింపదు, అది ఖాళీగానే ఉంటుంది. పీహెచ్‌పీ ఇన్‌పుట్‌ స్ట్రీమ్‌ నుంచి మొత్తం పాఠ్యాన్ని చదివి జేసన్‌_డీకోడ్‌కు ఇవ్వాలి. వచ్చినది నిజంగా అర్రేనా, అందులోని ప్రతి విలువా సరైన రోల్‌ నంబరేనా అన్నది సర్వర్‌లో తప్పక సరిచూడండి.

ప్రశ్న: మా పీహెచ్‌పీ సర్వీసు నుంచి వచ్చే జాబితా మీద జావాస్క్రిప్ట్‌లో మ్యాప్‌ (అర్రేలోని ప్రతి అంశం మీదా ఒకే పని చేసే ఫంక్షన్‌) పిలిస్తే ఒక్కోసారి పనిచేస్తోంది, ఒక్కోసారి అది ఫంక్షన్‌ కాదని ఎర్రర్‌ వస్తోంది. కోడ్‌ మాత్రం మార్చలేదు.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు సర్వర్‌లో, అర్రే నుంచి అక్కర్లేని అంశాలను తీసేసే అర్రే_ఫిల్టర్‌ వాడుతున్నారేమో చూడండి. అది కొన్ని అంశాలను తీసేసినా మిగిలినవాటి పాత కీలను (స్థాన సంఖ్యలను) అలాగే ఉంచుతుంది. కీలు 0, 1, 2 అని వరుసగా ఉంటేనే జేసన్‌_ఎన్‌కోడ్‌ జాబితాగా రాస్తుంది. నడుమ ఒక్క కీ లేకపోయినా ఆబ్జెక్టుగా, అంటే పేరు-విలువ జతలుగా రాస్తుంది, దానికి మ్యాప్‌ ఉండదు. చివరి అంశాలు పోయిన రోజున వరుస చెడదు కాబట్టి మీ కోడ్‌ పనిచేస్తుంది, మొదటిదో నడిమిదో పోయిన రోజున ఆగిపోతుంది. ఎన్‌కోడ్‌ చేసే ముందు అర్రే_వాల్యూస్‌ పిలిస్తే కీలు మళ్లీ 0 నుంచి మొదలవుతాయి.

ప్రశ్న: పాత సోప్‌ సర్వీసు (ఎక్స్‌ఎంఎల్‌ సందేశాలతో పనిచేసే వెబ్‌ సర్వీసు) ఇచ్చే ఎక్స్‌ఎంఎల్‌ను మేము జేసన్‌గా మార్చుకుంటున్నాం. ఒకే ఆర్డర్‌ ఉన్న ఖాతాదారుల పేజీ మాత్రమే తెరుచుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఎక్స్‌ఎంఎల్‌లో జాబితా అంటే ఒకే పేరుగల ఎలిమెంట్‌ పదేపదే రావడమే. అది ఒక్కసారే వచ్చినప్పుడు, జాబితాలో ఒక అంశమో విడి విలువో, ఎక్స్‌ఎంఎల్‌ నిర్మాణాన్ని చెప్పే స్కీమా చూడకుండా తెలియదు. అందుకే చాలా కన్వర్టర్లు దాన్ని ఆబ్జెక్టుగా మారుస్తాయి. మీ కన్వర్టర్‌ సెట్టింగుల్లో ఆర్డర్‌ ఎలిమెంట్‌ను ఎప్పుడూ అర్రేగానే ఉంచమని పేర్కొనండి. ఆ తరువాత ఆర్డర్లే లేని ఖాతాతో ఒకసారి, ఒకే ఆర్డర్‌ ఉన్న ఖాతాతో మరొకసారి పరీక్షించండి.