లేహ్ వెళ్తున్న మేనల్లుడికి

అల్లుడూ,

ఆశీస్సులు. బుల్డోజర్ ఆపరేటర్‌గా లేహ్‌లో పోస్టింగ్ వచ్చిందని, నవంబర్‌లోనే చేరాలని మీ అమ్మ ఫోన్ చేసింది. పనిలో పనిగా నీకోసం డజను కాటన్ సాక్సులు కొన్నానని కూడా చెప్పింది. ఈ ఉత్తరం ఆ సాక్సుల వల్లే రాస్తున్నాను. కోటు, గ్లవుజులు డిపార్ట్‌మెంటు ఇస్తుంది, వాటి గురించి టెన్షన్ వద్దు. కాళ్ళు మాత్రం ఎవరివి వాళ్ళే చూసుకోవాలి.

ఆ డజనూ ఇంట్లోనే వదిలెయ్. కాటన్ చెమట పీల్చుకుని ఓ పట్టాన ఆరదు. లేహ్ 11,500 అడుగుల ఎత్తున ఉంది, జనవరి రాత్రుల్లో మైనస్ 15 దాకా దిగడం అక్కడ మామూలు. నువ్వు మంచు తీయబోయే కనుమదారి ఖర్‌దుంగ్ లా 17,500 అడుగులు దాటి ఉంటుంది. అంత చలిలో తడి సాక్సు కాలి వేడినంతా లాగేస్తుంది. ఉన్ని అయితే కాస్త తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు. లోపల పల్చటి నైలాన్ జత, పైన మందపాటి ఉన్ని జత, అంతే. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు భయపడి మూడు నాలుగు జతలు కుక్కుకుంటారు. బూటు బిగుసుకుపోయి రక్తం వేళ్ళదాకా చేరదు, దాంతో ఒక్క జత వేసుకున్నవాడికంటే ముందు వాళ్ళ కాళ్ళే మొద్దుబారతాయి. బూటులో వేళ్ళు ఐదూ ఆడాలి. బూట్లు కొనేదుంటే ఆ రెండు సాక్సులూ వేసుకుని, సాయంత్రంపూట కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు సైజు చూసుకో. లేసులు కూడా మరీ బిగించకు.

మంచులో పనంటే బయటి తడి గురించే అందరూ ఆలోచిస్తారు. నేను చూసినంతలో కాళ్ళను ఎక్కువ తడిపేది లోపలి చెమటే. పారతో మంచు తీస్తున్నప్పుడు ఒళ్ళు వేడెక్కి కాలికి చెమట పడుతుంది, పని ఆపి నిలబడగానే అదే చెమట చల్లబడుతుంది. అందుకే గమ్ బూట్లు రోజంతా వేసుకోవద్దు. నీళ్ళు, కరిగిన మంచు ఉన్నచోట వాటిని మించినవి లేవు. కానీ బయటి నీరు లోపలికి రానట్టే లోపలి చెమటా బయటికి పోదు. నాట్లప్పుడు బురదలో నానినాని మన ఆడవాళ్ళ వేళ్ళ సందులు తెల్లబడి పుళ్ళు పడేవి చూశావు కదా, గమ్ బూట్లలో రోజంతా ఉన్న కాలు కూడా అలాగే అవుతుంది, పైగా చలి తోడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర సాక్సులు మార్చు. బద్ధకంగా ఉంటుంది, తెలుసు, అయినా మార్చు. విప్పిన జతను చొక్కా లోపల, పొట్ట దగ్గర పెట్టుకుంటే ఒంటి వేడికి సాయంత్రానికి చాలావరకు ఆరిపోతుంది. వినడానికి రోతగా ఉన్నా అక్కడ అందరూ చేసే పనే.

రాత్రి ఆరబెట్టడం ఇంకా ముఖ్యం. బూట్లోంచి అట్ట తీసి వేరుగా పెట్టు, నాలుక బయటికి లాగి లోపల పాత పేపర్ ఉండలు చేసి కుక్కు, గంట తర్వాత తడి పేపర్ తీసి పొడిది పెట్టు. గది వెచ్చబరిచే పొయ్యి, అదే బుఖారీ, దాని పక్కనే బూట్లు పెట్టేస్తే త్వరగా ఆరతాయనిపిస్తుంది, కానీ తోలు పగిలి, అడుగు అతుకు ఊడుతుంది. నాలుగడుగుల దూరంలో ఉంచు చాలు. బుఖారీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, గది మొత్తం మూసేసి దాన్ని వెలిగించి పడుకోవద్దు. దాన్నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. వెంటిలేటర్ తెరిచే ఉంచు, పడుకునేముందు ఆర్పెయ్. తెల్లారేసరికి బూట్లు గడ్డకట్టకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి స్లీపింగ్ బ్యాగులో కాళ్ళదగ్గర పెట్టుకో.

కొబ్బరినూనె సీసా తీసుకెళ్ళకు, అక్కడ అది రాయే. మడమలు పగిలితే రాత్రి వ్యాజలిన్ రాసుకో. పగలు వేళ్ళ సందులు పొడిగా తుడిచి పౌడర్ వెయ్.

డోజర్ క్యాబిన్‌లో కింద ఇనుప రేకు ఉంటుంది. దానిమీద రబ్బరు మ్యాటో, మడిచిన గోనెసంచో వెయ్యి. కిందికి దిగి నిలబడాల్సి వస్తే చెక్కముక్క మీద నిలబడు. వేళ్ళ దగ్గర ఇనుప తొడుగు ఉన్న సేఫ్టీ బూట్లు వేళ్ళను దెబ్బల నుంచి కాపాడతాయి గాని చలిని నేరుగా వేళ్ళకి అందిస్తాయి, అవి వేసుకున్న రోజు ఇంకాస్త జాగ్రత్త.

కాళ్ళు చల్లబడుతుంటే టోపీ సరిచేసుకో, ఏదైనా తిను. ఒళ్ళు చల్లబడితే శరీరం ముందు గుండెను చూసుకుని కాళ్ళకు రక్తం తగ్గించేస్తుంది. అంత ఎత్తులో దాహం తెలియదు, అయినా గోరువెచ్చని నీళ్ళు తాగుతూ ఉండు. లడాఖీలు ఇచ్చే ఉప్పు, వెన్న టీ మొదట్లో నచ్చదు, వద్దనకు. సిగరెట్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. రమ్ము వెచ్చగా ఉన్నట్టు భ్రమ కల్పించి ఉన్న వేడిని బయటికి పంపేస్తుంది. అమ్మకి చెప్పనులే, కానీ డ్యూటీలో ముట్టుకోకు.

వేళ్ళు ఎర్రబడి దురద పెడితే అది చలిదెబ్బకు మొదలు. నొప్పి ఉన్నంతసేపు మరీ భయం లేదు. నొప్పి తగ్గి, స్పర్శ తెలియకుండా, చర్మం మైనంలా తెల్లబడితే మాత్రం వెంటనే పని ఆపి తోడున్నవాడికి చెప్పు. రుద్దకూడదు. మంచుతో రుద్దమని ఎవరైనా చెబితే అసలే వినకు. మంట దగ్గర పెట్టకూడదు, మొద్దుబారిన కాలికి కాలుతున్నా తెలియదు. క్యాంపు చేరాక 37 నుంచి 39 డిగ్రీల నీళ్ళలో ముంచాలి. నీ కాలికి వేడి తెలియదు కాబట్టి నీళ్ళు ఇంకొకరితో చూపించు. దారిలో మళ్ళీ గడ్డకట్టే అవకాశముంటే మాత్రం చేరేదాకా వేడిచేయొద్దు. ఆ తర్వాత డాక్టర్‌కి చూపించాల్సిందే, బొబ్బలు చిదమకు.

మన ఇంట్లో షుగర్ ఉంది కదా, బయల్దేరేముందు ఒకసారి టెస్టు చేయించుకో. షుగర్ ఉన్నవాళ్ళకి కాలి స్పర్శ ముందే తగ్గి ఉండొచ్చు, అది అక్కడికి వెళ్ళాక తెలిస్తే లాభం లేదు.

ఉన్ని సాక్సులు ఇక్కడ వెతకొద్దు, లేహ్ బజార్లో మంచివి దొరుకుతాయి. మీ అత్తయ్య డబ్బు పంపుతానంటోంది, అకౌంట్ నంబర్ పెట్టు.

మీ మామయ్య