బెర్లిన్ మారథాన్‌కు జర్మన్ నేర్చుకోవాలా?

ప్రశ్న: సెప్టెంబరు చివర్లో జరిగే బెర్లిన్ మారథాన్‌కు లాటరీలో నాకు అవకాశం వచ్చింది. అనంతపురంలో తెల్లవారుజామునే సాధన చేస్తున్నాను. 4 గంటల్లో పూర్తి చేయాలన్నది కోరిక. దూరమంటే భయం లేదు. అయితే జర్మన్ ఒక్క ముక్క రాదు, ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ ఎదుటివారు వేగంగా మాట్లాడితే అందదు. తోడు ఎవరూ రావడం లేదు. ఇప్పుడైనా భాష నేర్చుకోవడం మొదలుపెట్టమంటారా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: జర్మన్ వ్యాకరణానికి పెట్టదలచిన గంటలను నిద్రకూ, వారాంతపు సుదీర్ఘ పరుగుకూ ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. పరుగు సాగుతున్నంతసేపు భాషతో పెద్దగా పని ఉండదు. దారి పొడవునా రోడ్డు మీద నీలిరంగు గీత ఉంటుంది, కిలోమీటర్ల బోర్డులు అంకెల్లోనే ఉంటాయి. 4 గంటల లక్ష్యానికి కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు చొప్పున పడుతున్నదో లేదో మీ గడియారమే చెబుతుంది. ‘వాసర్’ అంటే నీళ్లు, ‘టే’ అంటే టీ, ‘ట్సీల్’ అంటే ముగింపు గీత. బ్రాండెన్‌బర్గ్ ద్వారం కనిపించగానే అయిపోయిందనుకోకండి, ముగింపు గీత దాన్ని దాటాక ఇంకా కొన్ని వందల మీటర్ల దూరంలో ఉంటుంది.

మాట అవసరమయ్యేది పరుగుకు ముందు, ఒంట్లో తేడా చేసినప్పుడు. మొదటిదానికి మీ చదివే ఇంగ్లీషు చాలు. నిర్వాహకులు ఇచ్చే ఇంగ్లీషు సూచనలను ఇంట్లోనే తీరిగ్గా చదివి, ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితం తీసుకునే చోటు, వేళలు, పరుగు మొదలయ్యే చోట మీరు నిలబడవలసిన విభాగం అక్షరం ఒక కాగితం మీద రాసుకోండి. నంబరు మీరే స్వయంగా తీసుకోవాలి కనుక పాస్‌పోర్టు మరవకండి. అక్కడివారు చెప్పేది అందకపోతే కాగితం, పెన్ను ముందుకు జరపండి. రాసి చూపించమనడంలో నామోషీ ఏమీ లేదు. అనువాద యాప్‌లో జర్మన్‌ను ఇంటర్నెట్ లేకుండా పనిచేసేలా ముందే దింపుకోండి, అయితే వేలమంది కేకల మధ్య అది మీ మాట వింటుందని నమ్ముకోకండి.

నేను ఎక్కువగా ఆలోచించమనేది రెండోదాని గురించి. మీ రక్తవర్గం, వాడే మందులు, పడని మందులు, ఇంటి ఫోను నంబరు మీ నంబరు కాగితం వెనుక రాయండి. వాటినే జర్మన్ తెలిసినవారిచేత ఒక చిన్న కార్డు మీద రాయించి నడుముకు కట్టుకునే సంచిలో పెట్టుకోండి. సహాయానికి ‘హిల్ఫె’ అని అరవండి. అత్యవసర ఫోను మనకున్నట్టే 112. మరొకటి, మనం సరేననడానికి తలను పక్కలకు ఊపుతాం. నొప్పిగా ఉందా అని వైద్య సిబ్బంది అడిగినప్పుడు అలా ఊపితే లేదన్నట్టు వారికి తోచవచ్చు. అవునంటే ‘యా’, కాదంటే ‘నైన్’ అని నోటితోనే చెప్పి, నొప్పి ఉన్న చోటును వేలితో చూపండి.

మధ్యలో ఆగిపోవలసి వస్తే చెప్పకుండా వెళ్లిపోకండి. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్ మారథాన్‌లో జపాన్ పరుగువీరుడు షిజో కనకురి ఎండకు సొమ్మసిల్లి, దారి పక్కన ఒక కుటుంబం ఆదరిస్తే తేరుకొని, నిర్వాహకులకు తెలియజేయకుండానే స్వదేశానికి వెళ్లిపోయాడు. స్వీడన్‌లో ఆయనను చాలాకాలం తప్పిపోయినవాడిగానే లెక్కించారు. 1967లో పిలిపించి పరుగు పూర్తి చేయించారు. ఆయన సమయం 54 ఏళ్ల 8 నెలల 6 రోజుల 5 గంటల 32 నిమిషాల 20.3 సెకన్లుగా నమోదైంది. ఇప్పుడు వినడానికి సరదాగానే ఉంటుంది గానీ, మీరు మాత్రం కనిపించిన వాలంటీరుకు నంబరు చూపించి, ఇక పరిగెత్తనని చేతితో సైగ చేయండి, చాలు.

ఇంట్లోవారికీ ఒక మాట చెప్పి వెళ్లండి. అక్కడ ఉదయం 9 గంటలంటే ఆ కాలంలో మనకు మధ్యాహ్నం 12:30. ఫోనులో మీ జాడ చూస్తున్నవారికి అది ఒక చోట కొంతసేపు కదలకపోతే గుండె జారుతుంది. అలాంటప్పుడు కంగారుపడి మీకు ఫోను మీద ఫోను చేయవద్దనీ, పరుగు ముగిసి సామాను తీసుకున్నాక మీరే చేస్తారనీ ముందే చెప్పండి.