నెట్‌వర్క్ పనికి పూనుకున్న అమ్మడికి పెదనాన్న లేఖ

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

విజయవాడ, హైదరాబాద్ ఆఫీసులను కలిపే నెట్‌వర్క్ బాధ్యత నీకే అప్పగించారని మీ నాన్న చెప్పగానే ఎంతో పొంగిపోయాను. ఫోన్ పెట్టేసిన దగ్గర నుంచి బెంగ కూడా పట్టుకుంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిరునామాల సంగతి నీకు తెలిసిందే. లోపలి యంత్రాలకు 1996 నాటి ఇంటర్నెట్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1918 ప్రైవేటు వాడకానికి కేటాయించిన శ్రేణుల్లోంచే ఐపీలు ఇవ్వు. రెండు ఆఫీసులకూ ఒకే 192.168.1.0 పెట్టావంటే, వీపీఎన్‌తో, అంటే ఇంటర్నెట్ మీదుగా వేసుకునే సొంత దారితో, కలిపిన రోజున ఏ యంత్రం ఎటువైపుందో రౌటర్ తేల్చుకోలేదు. చిరునామాలోని 32 బిట్లలో మొదటి 26 నెట్‌వర్క్‌కే పోయే స్లాష్ 26లో 64 చిరునామాలుంటాయి, మొదటిదీ చివరిదీ పోగా యంత్రాలకు 62 మిగులుతాయి. ఇలాంటి లెక్కలు వెబ్‌సైటులో చూసుకుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను; అర్ధరాత్రి లింకు పడిపోయినప్పుడు ఆ వెబ్‌సైటు కూడా తెరుచుకోదు.

నా భయమంతా ప్యాకెట్ గురించే, అంటే డేటా ప్రయాణించే చిన్న మూట గురించే. దాని ముందుండే ఐపీవీ4 హెడర్, అంటే చిరునామా చీటీ, మామూలుగా 20 బైట్లు. పంపినవారి చిరునామా, అందుకోవలసినవారి చిరునామా, రౌటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గే టీటీఎల్ అనే అంకె, లోపలి డేటాను మోసే పద్ధతి టీసీపీ అయితే 6, యూడీపీ అయితే 17 అని చెప్పే అంకె అందులో ఉంటాయి. వాటి మధ్యనే డీఎఫ్ (ముక్కలు చేయవద్దు) అని ఒక్క బిట్ ఉంటుంది. అది 1గా ఉంటే దారిలో ఏ రౌటరూ ఆ ప్యాకెట్‌ను ముక్కలు చేయకూడదు. ముందున్న లింకులో పట్టకపోతే దాన్ని పారేసి, ‘ఇంతకు మించి పట్టదు’ అని పంపినవారికి ఐసీఎంపీ సందేశం, అంటే నెట్‌వర్క్ తన ఇబ్బంది తెలిపే కబురు, పంపాలి.

నేను పనిచేసిన ఒక చోట, భద్రత పేరుతో పైవాళ్లు ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ మొత్తం మూయించారు. మర్నాటి నుంచి ఒక బ్రాంచిలో వింత మొదలైంది. లాగిన్ తెర వచ్చేది, చిన్న ఉత్తరాలు అందేవి, పెద్ద రిపోర్టు అడిగితే మాత్రం తెర తెల్లగా అలాగే నిలిచిపోయేది. కేబుళ్లు మార్చారు, స్విచ్ మార్చారు, చివరకు అప్పుడే చేరిన కుర్రవాడి మీద నింద వేశారు. వాడు మాట్లాడకుండా కూర్చుని ఫైర్‌వాల్‌కు రెండువైపులా ప్యాకెట్లు పట్టి చూశాడు. సర్వర్ డీఎఫ్ బిట్ పెట్టి అదే 1500 బైట్ల ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతోంది. బ్రాంచి లింకు బ్రాడ్‌బ్యాండ్‌లో వాడే పీపీపీఓఈ పద్ధతిది కావడంతో 8 బైట్లు దానికే పోయి, 1492 మాత్రమే పడుతుంది. ఆ మాట చెబుతూ రౌటర్ పంపిన మూడో రకం, నాలుగో కోడ్ ఐసీఎంపీ సందేశం ఫైర్‌వాల్ బయటివైపు వరకూ వస్తోంది, లోపలికి మాత్రం రావడం లేదు. తప్పు ఎవరిదో తేలాక కూడా ఆ పిల్లవాడికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. అందుకే ఇంతగా చెబుతున్నాను తల్లీ, అలాంటి నింద నీ మీద పడకూడదు. ఐసీఎంపీ మూసేయమని ఎవరైనా ఒత్తిడి చేస్తే, కావాలంటే అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే పింగ్‌కు హద్దు పెట్టు గాని ఈ సందేశాన్ని మాత్రం ఆపవద్దు. కొత్త తరం ఐపీవీ6లో దారిలోని రౌటర్లు ముక్కలు చేయడమన్నదే లేదు కనుక అక్కడ ఈ జాగ్రత్త మరింత అవసరం.

లింకు వచ్చిన రోజున డీఎఫ్ పెట్టి, 1472 బైట్ల డేటాతో పింగ్ చేసి చూడు. ఐసీఎంపీకి 8, ఐపీకి 20 కలిపితే సరిగ్గా 1500 అవుతుంది. అది వెళ్లక 1464 వెళ్లిందంటే నీ దారి కూడా 1492దే. అప్పుడు రౌటర్‌లో టీసీపీ ఎంఎస్ఎస్‌ను, అంటే హెడర్లు పోగా ఒక్కో ప్యాకెట్‌లో పట్టే డేటా హద్దును, 1452కు తగ్గించు.

చిరునామాల ప్లాన్ కాగితం మీద గీసి, ఫొటో తీసి నాకు పంపు. లింకు మార్చే రాత్రి ఎంత పొద్దుపోయినా మొహమాటపడకుండా ఫోన్ చెయ్యి. భోజనం మానేసి మాత్రం కూర్చోకు.

ఇట్లు,
మీ పెదనాన్న