బీరువా వెనుక గూడు: లినక్స్ మౌంట్ పాయింట్లపై పాఠకుల ప్రశ్నలు

(ఆదేశాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాము. కంప్యూటర్‌లో మాత్రం వాటిని, /ఎంఎన్‌టీ, /ఈటీసీ వంటి సిస్టమ్ ఫోల్డర్ల పేర్లను ఆంగ్ల చిన్నక్షరాలతో టైపు చేయాలి, 'యూయూఐడీ=' అనే మాటను మాత్రం ఆంగ్ల పెద్దక్షరాలతో. మనం పెట్టుకునే ఫోల్డర్ల పేర్లు తెలుగులో ఉన్నా లినక్స్‌కు ఇబ్బంది లేదు.)

ప్రశ్న: పాలమూరు చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు పాడే నాట్ల పాటలను, బతుకమ్మ పాటలను, వలసపోయి వచ్చినవారి పాటలను మేము కొందరం కలిసి రికార్డు చేసి దాచుతున్నాము. మా ఉబుంటు లినక్స్ కంప్యూటర్‌కు 4 టీబీ బయటి డిస్కు ఒకటి తగిలించి, దానిని /పాటలు అనే ఫోల్డర్ వద్ద మౌంట్ చేసుకున్నాము. ఒకరోజు కరెంటు పోయి వచ్చిన తర్వాత కంప్యూటర్ ఆన్ కాక, ఎమర్జెన్సీ మోడ్ అని చూపించి ఆగిపోయింది. తెలిసిన అబ్బాయి ఒకరు, ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో నోఫెయిల్ అనే మాట చేర్చగానే మామూలుగా ఆన్ అయింది. పది రోజుల తర్వాత చూస్తే డిస్కు దీపం వెలగడం లేదు. అడాప్టరు పిన్ను వదులైందని తెలిసి, సరిచేసి కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేశాము. ఇప్పుడు పాత పాటలన్నీ ఉన్నాయి గానీ ఆ పది రోజుల రికార్డులు ఒక్కటీ లేవు. రోజూ రాత్రి కాపీ చేసే స్క్రిప్టు మాత్రం అన్ని రోజులూ 'పూర్తయింది' అనే చెప్పింది, అది నమ్మి రికార్డరు కార్డులను చెరిపివేశాము. ఆ పాటలు పోయినట్లేనా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: పోలేదమ్మా. మీరు రాసిన తీరును బట్టి అవి మీ కంప్యూటర్‌లోనే, ఉబుంటు ఉన్న లోపలి డిస్కులోనే భద్రంగా ఉన్నాయి. అయితే వాటిని బయటికి తీసేవరకు దయచేసి ఆ కంప్యూటర్‌లో ఉబుంటును తిరిగి ఇన్‌స్టాల్ చేయించకండి, ఖాళీ కోసం ఏ ఫైలునూ చెరపకండి.

మన పాత ఇళ్లలో గోడకు గూడు ఉంటుంది. ఆ గూటి ముందు ఒక బీరువా తెచ్చి నిలబెడితే, ఇకపై మనం తలుపు తీసి చూసేది బీరువానే. వెనుక గూటిలో ఉన్న సామాను ఎక్కడికీ పోదు, కంటికి కనపడదు, అంతే. మౌంట్ పాయింట్ సరిగ్గా అటువంటిదే. విండోస్‌లో ఉన్నట్లు సీ, డీ అని వేరువేరు డ్రైవులు లినక్స్‌లో ఉండవు. ఒక్క గీతతో రాసే రూట్ దగ్గర మొదలయ్యే ఒకే చెట్టు ఉంటుంది, ప్రతి డిస్కునూ ఆ చెట్టులోని ఏదో ఒక ఫోల్డర్ వద్ద తగిలించాలి. డిస్కు తగిలి ఉన్నంతసేపు ఆ ఫోల్డర్ ఆ డిస్కును చూపిస్తుంది, డిస్కు లేనప్పుడు అదే ఫోల్డర్ లోపలి డిస్కులో ఒక మామూలు ఖాళీ ఫోల్డర్‌గా మిగులుతుంది. అడాప్టరు వదులుగా ఉన్న పది రోజులూ మీ స్క్రిప్టు పాటలను ఆ ఖాళీ గూటిలో పెడుతూ వచ్చింది. ఫోల్డర్ ఉంది, రాయడానికి అనుమతి ఉంది, కాబట్టి అది 'పూర్తయింది' అని చెప్పడంలో అబద్ధం లేదు. ఇప్పుడు డిస్కు తిరిగి రాగానే బీరువా మళ్లీ గూటికి అడ్డు నిలిచింది.

వాటిని చూడటానికి డిస్కును తీయవలసిన పని కూడా లేదు. (ఆదేశం ముందు సుడో అంటే, దానిని రూట్ అనే సర్వాధికారి పేరుతో నడపమని అర్థం. చెట్టు మొదలైన రూట్ వేరు.) 'సుడో మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ' అని ఇస్తే, లోపలి డిస్కు మొత్తం /ఎంఎన్‌టీ కింద రెండోసారి కనపడుతుంది, దానిపై తగిలించిన ఇతర డిస్కులు మాత్రం అక్కడికి రావు. కాబట్టి /ఎంఎన్‌టీ/పాటలు అనే చోట మీ గూడు, /పాటలు అనే చోట మీ బీరువా, రెండూ ఒకేసారి ఎదురుగా ఉంటాయి. --ఆర్‌బైండ్ అనే మరో రూపం డిస్కులను కూడా వెంట తెస్తుంది, అది మీకు ఇక్కడ పనికిరాదు. ఆ తర్వాత 'సుడో ఆర్‌సింక్ -ఏవీ --ఇగ్నోర్-ఎగ్జిస్టింగ్ /ఎంఎన్‌టీ/పాటలు/ /పాటలు/' అని కాపీ చేయండి. మొదటి పేరు చివర ఉన్న గీత మరిచిపోతే పాటలు అనే ఫోల్డర్ లోపల ఇంకొక పాటలు ఫోల్డర్ తయారవుతుంది. కాపీ అయిన తర్వాత 'సుడో ఆర్‌సింక్ -ఏవీఎన్‌సీ' అని అవే రెండు పేర్లతో నడిపితే, అది ఏమీ కాపీ చేయకుండా ఫైళ్లను లోపలి బైట్లతో సహా పోల్చి, తేడా ఉన్న ఫైళ్ల పేర్లు మాత్రమే చెబుతుంది. ఒక్క ఫైలు పేరూ రాకపోతేనే గూటిలోని ప్రతులను చెరపండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల స్టీరియో రికార్డు గంటకు సుమారు 1 జీబీ అవుతుంది కనుక లోపలి డిస్కులో ఎంత జాగా తిరిగి రావాలో మీరే లెక్క వేసుకోవచ్చు. చివరగా 'సుడో యూమౌంట్ /ఎంఎన్‌టీ' అనండి. ఈ ఆదేశంలో యు అక్షరం తర్వాత ఎన్ ఉండదు, చాలామంది అక్కడే తడబడతారు.

ఇక అసలు లోపం ఎక్కడ ఉందో చెప్పాలి. ఆ అబ్బాయి చేసింది తప్పు కాదు, సగం వైద్యం. /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాసిన ప్రతి డిస్కునూ, కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు పనులు నడిపించే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాము తప్పనిసరి అనుకుంటుంది, మామూలుగా 90 సెకన్లు ఎదురు చూసి, రాకపోతే ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. నోఫెయిల్ అంటే 'రాకపోయినా ఫరవాలేదు, ముందుకు సాగు' అని అనుమతి ఇవ్వడం. బయటి డిస్కుకు ఆ మాట ఉండవలసిందే, కానీ అది ఉన్నచోట డిస్కు లేదన్న సంగతిని ఇక కంప్యూటర్ మనకు ఎదురుపడి చెప్పదు. ఆ బాధ్యతను మనం వేరొకచోట పెట్టాలి. నోఫెయిల్ చేర్చి ఊరుకోవడం కంటే కంప్యూటర్ ఆగిపోవడమే నయమని నా అభిప్రాయం, ఎందుకంటే ఆగిన కంప్యూటర్‌ను అదే రోజు ఎవరో ఒకరు పట్టించుకుంటారు.

మొదట ఎఫ్‌ఎస్‌ట్యాబ్ వరుసను సరిచేయండి. అందులో ఎస్‌డీబీ1 వంటి పేరు ఉంటే తీసివేయండి, అవి కంప్యూటర్ ఆన్ అయినప్పుడు ఏ డిస్కు ముందు దొరికితే దానికి దక్కే పేర్లు. ఈరోజు ఎస్‌డీబీ అయినది మరో పెన్‌డ్రైవు ఉన్న రోజు ఎస్‌డీసీ కావచ్చు. 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్' అని అడిగితే ప్రతి భాగానికీ యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్య కనపడుతుంది. ఆ భాగాన్ని ఫార్మాట్ చేసేవరకు ఆ సంఖ్య మారదు. వరుస ఇలా ఉండాలి: 'యూయూఐడీ=మీ సంఖ్య /పాటలు ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్స్,నోఫెయిల్ 0 2'. ఇందులో ఆరు గడులు ఉన్నాయి: డిస్కు, తగిలించే చోటు, ఫైల్ సిస్టమ్ రకం, షరతులు, ఈరోజుల్లో దాదాపు ఎవరూ వాడని డంప్ సంఖ్య, చివరిది తనిఖీ వరుస. తనిఖీలో రూట్‌కు 1, మిగతా డిస్కులకు 2, తనిఖీ వద్దనుకుంటే 0.

తర్వాత గూటికి తలుపు వేయండి. మీకు అన్నింటికంటే అవసరమైన పని ఇది. డిస్కును ఒకసారి యూమౌంట్ చేసి, ఖాళీగా మిగిలిన ఫోల్డర్‌పై 'సుడో సీహెచ్‌ఏటీటీఆర్ +ఐ /పాటలు' అని ఇవ్వండి. అప్పటినుంచి డిస్కు లేనప్పుడు రూట్ పేరుతో నడిచే స్క్రిప్టు కూడా అక్కడ ఒక్క ఫైలు రాయలేదు, తప్పు జరిగిందని అప్పుడే చెబుతుంది. డిస్కును తగిలించడానికి మాత్రం ఇది అడ్డు రాదు. అలాగే మీ స్క్రిప్టు మొదటి వరుసగా 'మౌంట్‌పాయింట్ -క్యూ /పాటలు || ఎగ్జిట్ 1' అని రాయించండి. డిస్కు తగిలి లేకపోతే కాపీ మొదలే కాదు. కార్డులను చెరిపే ముందు మాత్రం స్క్రిప్టు మాటను కాక, పైన చెప్పిన పోలికను నమ్మండి. పాడిన పెద్దవాళ్లు మళ్లీ పాడటానికి మనకు దొరుకుతారన్న హామీ లేదు కదా.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మార్చిన తర్వాత, సరిగ్గా ఉందో లేదో చూడటానికి వెంటనే రీస్టార్ట్ చేయకండి. ముందు 'సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్', ఆపై 'సుడో ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై', ఆపై 'సుడో మౌంట్ -ఏ' నడిపి, ఏ తప్పూ చూపించకపోతే 'ఫైండ్‌ఎంఎన్‌టీ /పాటలు' అని అడిగి, అక్కడ మీ డిస్కే ఉందని కళ్లారా చూసుకోండి.

ప్రశ్న: 'పెళ్లి ఫొటోలు' అనే ఫోల్డర్ వద్ద డిస్కును మౌంట్ చేయాలని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాస్తే తప్పు వస్తోంది. తెలుగు పేరు పెట్టడమే కారణమా?
– ఒక ఫొటో స్టూడియో యజమాని, భువనగిరి

జవాబు: తెలుగు కారణం కాదు, రెండు మాటల మధ్య ఉన్న ఖాళీ కారణం. ఆ ఫైలులో ఖాళీ వస్తే తర్వాతి గడి మొదలైనట్లే లెక్క. ఖాళీకి బదులు \040 అని రాయండి, లేదా ఫోల్డర్ పేరునే 'పెళ్లి_ఫొటోలు' అని మార్చుకోండి. రెండోదే మేలు, రేపు స్క్రిప్టులు రాసేటప్పుడు కూడా ఇబ్బంది పెట్టదు.

ప్రశ్న: మా రైస్‌మిల్లు ఆఫీసు కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. ధాన్యం తూకం లెక్కలు ఉన్న విండోస్ డ్రైవు లినక్స్‌లో తెరుచుకుంటోంది గానీ, కొన్ని రోజులు చదవడానికి తప్ప రాయడానికి వీలు లేదంటోంది. రాయనిచ్చిన రోజు కూడా ఫైళ్లన్నీ రూట్ పేరు మీద ఉంటున్నాయి.
– ఒక గుమస్తా, మిర్యాలగూడ

జవాబు: ఇవి రెండు వేరువేరు విషయాలు. 'కొన్ని రోజులు' అని మీరు రాయడంలోనే మొదటిదానికి ఆధారం దొరికింది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే, షట్‌డౌన్ నొక్కినా అది పూర్తిగా ఆగదు. కొంత పనిని డిస్కులో దాచి నిద్రపోతుంది. అటువంటి డ్రైవులో రాస్తే లెక్కలు పాడవుతాయి కనుక లినక్స్ రాయనివ్వదు. ఇది మీ మంచికే. విండోస్ పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసివేయండి. ఫోర్స్ అనే షరతుతో గానీ, విండోస్ దాచిన స్థితిని చెరిపివేసే షరతులతో గానీ బలవంతం చేయమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి, రైతులకు చెల్లించవలసిన లెక్కలు అందులో ఉన్నాయి.

రెండోదానికి ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో 'యూఐడీ=1000,జీఐడీ=1000,ఉమాస్క్=022' అని చేర్చండి, 1000 స్థానంలో 'ఐడీ' అనే ఆదేశం చూపించిన మీ సంఖ్యలు వేసుకోవాలి. విండోస్ డ్రైవులోని ఫైళ్లకు లినక్స్ యజమాని పేరు మామూలుగా ఉండదు కనుక దానిని మౌంట్ చేసేటప్పుడే చెప్పాలి. ఇదే షరతును లినక్స్ సొంత రకమైన ఈఎక్స్‌టీ4 డిస్కుకు ఇస్తే మాత్రం మౌంట్ కాదు. అక్కడ యజమాని ఎవరో డిస్కులోనే రాసి ఉంటుంది, మార్చాలంటే మౌంట్ అయిన తర్వాత సీహెచ్‌ఓన్ వాడాలి. విండోస్ డ్రైవుల రకం ఎన్‌టీఎఫ్‌ఎస్. రకం గడిలో ఎన్‌టీఎఫ్‌ఎస్3 అని రాయాలంటే లినక్స్‌కు గుండె వంటి కెర్నెల్ 5.15 గానీ ఆ తర్వాతిది గానీ కావాలి. పాతదైతే ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ వాడండి.